చార్టింగ్‌లో కల్పిత ఎంట్రీలు వేశానని యూనివర్సిటీ నోటీసు వచ్చింది, ఐదు రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఏం చేయాలి?

కలువ_03:

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఏ దేశం, ఏ కాలేజీ అన్నది రాయను, మా బ్యాచ్ చిన్నది, చదివినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. నిన్న సాయంత్రం యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. ‘రోగి రికార్డులో కల్పిత వివరాలు నమోదు చేశారన్న ఆరోపణపై విచారణ’ అని సబ్జెక్ట్ లైను. అది చూశాక మిగతా మెయిల్ చదవడానికి నాకు గంట పట్టింది.

జరిగింది చెబుతాను. మెడికల్ వార్డులో మార్నింగ్ షిఫ్ట్, నాకు నలుగురు పేషెంట్లు. పదింటికి, పన్నెండింటికి వైటల్స్ (బీపీ, పల్స్ లాంటి కొలతలు) తీశాను. వార్డులో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి డాక్టర్ల రౌండ్స్‌కి పోయింది, రెండోదాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు. అందుకని ఎప్పటిలాగే మడత పెట్టిన కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. 1.52కి కంప్యూటర్ దొరికింది. రెండింటికి షిఫ్ట్ అయిపోతుంది కదా అని ఎనిమిది సెట్లూ వరసగా కొట్టేశాను, టైం దగ్గర 10.00, 12.00 అని నేనే మార్చాను. ఏ ఎంట్రీ ఎప్పుడు పడిందో కంప్యూటర్ దాచుకునే లాగ్‌లో మాత్రం ఎనిమిదీ 1.52కీ 1.56కీ మధ్య పడ్డాయి. ఆ కాగితం హ్యాండోవర్ తర్వాత ష్రెడ్డింగ్ డబ్బాలో వేశాను, పేషెంట్ వివరాలున్న కాగితం బయటికి తీసుకెళ్లకూడదని మాకు నేర్పిందే అది.

అదే రోజు సాయంత్రం మూడో బెడ్ పేషెంట్‌కి ఆయాసం ఎక్కువై ఐసీయూకి మార్చారు. వెనక్కి వెళ్లి చూస్తే నా 12 గంటల ఎంట్రీలో రెస్పిరేషన్, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నారన్నది, 18 అని ఉంది. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. బీపీ, పల్స్, టెంపరేచర్, ఆక్సిజన్ సాచురేషన్ నిజంగా తీశాను. ఆ 18 మాత్రం నేను లెక్కపెట్టలేదు. చూస్తే మామూలుగానే ఉన్నట్టు అనిపించింది, వేసేశాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

వాళ్లేమో ఎనిమిది సెట్లూ కల్పితం అంటున్నారు. కోఆర్డినేటర్ మేడం ఫోన్ చేసి ‘వచ్చి క్షమాపణ లెటర్ రాసి ఇచ్చేయ్, చిన్న విషయంగా ముగిద్దాం’ అన్నారు. రాసి ఇచ్చేయాలా? లాయర్ దగ్గరికి వెళ్తే తప్పు చేశాను కాబట్టే వెళ్లానని అనుకుంటారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాత్రంతా నిద్ర లేదు.

శ్రావ్య_ఐసీయూ:

చెల్లీ, ముందు కాస్త ఊపిరి తీసుకో. కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించడం చేయని నర్సు నాకు తెలిసి లేదు. అది సరైన పద్ధతి అనడం లేదు, కానీ నువ్వొక్కదానివే చేసిన నేరమూ కాదు. ఆ లెటర్ మాత్రం రాసి ఇవ్వకు. ఫోన్‌లో కూడా ఇంకేమీ మాట్లాడకు, ‘మెయిల్‌లో పంపండి మేడం, మెయిల్‌లోనే జవాబిస్తాను’ అను, అంతే. మర్యాదగానే అను.

పాత_బ్యాచ్:

నా అభిప్రాయం వేరు. కాలేజీతో గొడవ పెట్టుకుని గెలిచినవాళ్లు తక్కువ. లాయర్ పేరెత్తితే వాళ్లు బిగుసుకుపోతారు. వెళ్లి తప్పయిపోయింది మేడం అంటే వాళ్లూ మనుషులే, కరుగుతారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి అలాగే ముగిసింది. ఇంకో ఏడాదిలో డిగ్రీ చేతికి వస్తుంది, ఇప్పుడు పంతాలు ఎందుకు?

రెండోఛాన్స్:

పాత_బ్యాచ్ గారూ, మీరు మంచి కోరే చెప్పారు, కానీ నేను సరిగ్గా అదే చేశాను, అందుకే రాస్తున్నాను. రెండేళ్ల కిందట నా లాగిన్‌తో వేరొకరు మందు ఇచ్చినట్టు ఎంట్రీ వేశారు. నేను లాగౌట్ చేయకుండా బెడ్ దగ్గరికి పరిగెత్తాను, నా తప్పు అంతవరకే. కానీ పిలవగానే భయపడి ఒక పేజీ లెటర్ రాశాను. అందులో ‘జరిగినదానికి పూర్తి బాధ్యత నాదే, నావల్లే ఇదంతా జరిగింది’ అని ఉంది. ఏడుస్తూ రాసిన వాక్యం అది. విచారణలో దాన్ని అనుబంధం 2 అని పెట్టి మూడుసార్లు చదివి వినిపించారు. లాగౌట్ గురించి మాత్రమే అన్నానని తర్వాత ఎంత చెప్పినా, ‘మీరే రాశారు కదమ్మా’ అన్నారు. ఒక సెమిస్టర్ పోయింది. అప్పీల్‌లో లాగ్ మొత్తం తెప్పించాక, ఆ ఎంట్రీ పడిన సమయానికి నేను ఇంకో గదిలో డ్రెస్సింగ్ చేస్తున్నట్టు తేలింది, అప్పుడు శిక్ష తగ్గించారు. ఆ లాగ్ ముందే అడిగి ఉంటే? ఆ సెమిస్టర్ నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

క్షమాపణ చెప్పడం తప్పని నేను అనడం లేదు. దేనికి చెబుతున్నామో తెలియకుండా చెప్పకూడదు.

నల్లకోటు:

నేను లాయర్‌ని, విద్యార్థుల కేసులు చూస్తాను. కలువ గారూ, మీ దేశం తెలియదు కాబట్టి ఇది సాధారణ సమాచారం అనుకోండి, మీ ఊళ్లో లైసెన్సు ఉన్న లాయర్‌ని కలవడం మానకండి. ముందుగా ఒకటి. రెస్పిరేషన్ గురించి మీరు పైన రాసిన లైను బహిరంగ వేదిక మీద రాయాల్సింది కాదు. ఇప్పుడు దాన్ని చెరిపేయమనీ చెప్పను, విచారణ నడుస్తుండగా ఏదైనా డిలీట్ చేస్తే అదే ఇంకో ఆరోపణ అవుతుంది. మీ ఫోన్లో ఆ రోజు చాట్లు, డ్యూటీ రోస్టర్ ఫొటోలు, ఏదీ తీసేయకండి. ఇకమీదట వాస్తవాలు మీ లాయర్‌కి మాత్రమే చెప్పండి. లాయర్‌తో మాట్లాడింది గోప్యంగా ఉంటుంది, ఇక్కడ రాసింది ఉండదు.

రెండోది, ఈ రోజే చేయాల్సింది. బీపీ తీసింది చేత్తోనా, చక్రాల స్టాండ్ మీద ఉండే మానిటర్‌తోనా? మానిటర్ అయితే ఆ మోడళ్లలో చాలావాటికి మెమరీ ఉంటుంది, తీసిన ప్రతి రీడింగూ టైంతో సహా దాచుకుంటాయి. మెమరీ నిండితే పాతవి చెరిగిపోతాయి. కాబట్టి ఫలానా తేదీ, ఫలానా వార్డు, ఫలానా మానిటర్ డేటా భద్రపరచండి అని యూనివర్సిటీకీ ఆస్పత్రికీ మెయిల్ పెట్టండి. మీ కాగితం పోయింది సరే, ఆ కాగితం మీదికి అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో అది ఇంకా వార్డులోనే తిరుగుతూ ఉంది.

అదే మెయిల్‌లో ఫిర్యాదు కాపీ, మీ లాగిన్ ఆడిట్ లాగ్ మొత్తం అడగండి. వాళ్లకు నచ్చిన ఎనిమిది లైన్లు కాదు, షిఫ్ట్ మొదటినుంచి చివరిదాకా. ఆలస్యపు ఎంట్రీల మీద ఆస్పత్రి పాలసీ, ఆ రోజు వార్డు స్టాఫింగ్, విచారణ నియమాలు, మీరు చేరిన ఏడాది స్టూడెంట్ హ్యాండ్‌బుక్ కూడా. ఇవి అందాక జవాబుకి తగిన గడువు కావాలని రాయండి. జరిగిన విషయం గురించి ఆ మెయిల్‌లో ఒక్క ముక్క వద్దు. ఎనిమిది పది లైన్లు దాటకూడదు.

లాయర్ దగ్గరికి వెళ్తే తప్పు చేసినట్టా అన్నారు. కాదు. మీ మీద వచ్చిన ఆరోపణ కాపీ క్రమశిక్షణ కమిటీకి వెళ్లేముందు యూనివర్సిటీ లాయర్ కూడా చదివి ఉండొచ్చు. అది ఎవరూ తప్పు అనుకోరు కదా.

బోధన_22:

నేను క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని, ఇలాంటి కమిటీల్లో కూర్చున్నాను కూడా. నల్లకోటు గారు చెప్పింది అక్షరాలా పాటించమ్మా. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, కాస్త కఠినంగా ఉంటుంది.

మొదట, ఇక్కడ బెడ్ నంబర్ రాశావు. పేరు లేదు కదా అనుకోకు. బెడ్ నంబర్, ఏం జరిగింది, ఎక్కడికి మార్చారు, ఈ మూడూ ఉంటే వార్డు వాళ్లకి మనిషి తెలిసిపోతాడు. ఇంకెక్కడా రాయకు.

ఇక ఆ 18. చార్టులు తిరగేస్తే 18, 20, 18, 20 అని వరసగా కనిపిస్తాయి, ప్రపంచంలో అందరూ ఒకేలా ఊపిరి తీసుకుంటున్నట్టు. అందరూ చేస్తున్నారు కాబట్టి చిన్న విషయం అనుకోకండి. మనిషి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందుగా మారేది రెస్పిరేషనే, బీపీ ఆ తర్వాత పడుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన ఎన్‌ఈడబ్ల్యూఎస్ 2 స్కోరు చూడండి, పేషెంట్ దిగజారుతున్నాడేమో వైటల్స్‌కి మార్కులు వేసి ముందే హెచ్చరించేది. రెస్పిరేషన్ 12 నుంచి 20 దాకా సున్నా మార్కులు, 21 నుంచి 24 అయితే 2, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆ ఒక్కదానికే 3. అంటే 18 అని రాస్తే ఎవరినీ పిలవక్కర్లేదని చెప్పినట్టు. ఆ పేషెంట్‌కి పన్నెండింటికి నిజంగా ఎంత ఉందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నిజంగానే 18 ఉండొచ్చు కూడా. కానీ తెలియదు, అదే బాధ.

కాబట్టి కమిటీ ముందు ‘అన్నీ తీశాను’ అని అబద్ధం చెప్పకు. నిన్ను భయపెట్టాలని కాదు ఈ మాట. కమిటీలో కూర్చున్నప్పుడు మేము ముందు మూడు చూస్తాం. పేషెంట్‌కి హాని జరిగిందా, ఇది అలవాటా ఒక్కసారా, ఈ అమ్మాయి ఇప్పుడు నిజం చెబుతోందా. మొదటి రెండూ నీ చేతిలో లేవు. మిగతా ఏడు రెస్పిరేషన్లు ఎలా లెక్కపెట్టావో ఇప్పుడే కాగితం మీద రాసుకో, జ్ఞాపకం చెదరకముందే. జవాబు ఇక్కడ పెట్టకు.

పాత_బ్యాచ్:

అంటే ఒప్పుకోమనే కదా మీరూ అంటున్నది? నేను అన్నదీ అదే కదా.

నల్లకోటు:

కాదండి, తేడా ఉంది. ఎనిమిది సెట్లు, ఒక్కో దాంట్లో ఐదు కొలతలు. మొత్తం నలభై అంకెలు. నలభైకి నలభై కల్పితం అని ఆరోపణ. వాటిలో ఒక్కటి లెక్కపెట్టకుండా రాశానంటే అది నిజం. ‘తప్పయిపోయింది’ అంటే నలభైకీ సంతకం పెట్టినట్టు. మొదటిది నిజాయితీ లోపం ఒక్కచోట, రెండోది రోగుల రికార్డు మొత్తం అల్లడం. శిక్షల పట్టికలో ఈ రెండింటికీ మధ్య హెచ్చరికకీ బహిష్కరణకీ ఉన్నంత దూరం ఉండొచ్చు. నిజం చెప్పడంలో కూడా కొలత ఉండాలి, ఎంతవరకు నిజమో అంతవరకే. అది కూడా ఆధారాలు చేతికి వచ్చాక, రాతలో, లాయర్ చూసిన తర్వాత.

శ్రావ్య_ఐసీయూ:

ఈ నలభై అంకెల లెక్క చూసి నాకే ధైర్యం వచ్చింది.

దూరతీరం:

విదేశంలో చదువుతున్నవాళ్లకి ఒక మాట. కలువ వీసా మీద ఉందో లేదో తెలియదు కానీ, ఉంటే ఇది చాలా ముఖ్యం. సస్పెన్షన్ వచ్చినా, మీ అంతట మీరే మానేసినా యూనివర్సిటీ ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియజేస్తుంది. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా అయితే సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో రికార్డు, బ్రిటన్‌లో అయితే స్పాన్సర్‌గా అక్కడి వీసా విభాగం యూకేవీఐకి రిపోర్టు. ‘విచారణ వద్దనుకుంటే గౌరవంగా విత్‌డ్రా అవ్వు’ అని మా సీనియర్‌తో అన్నారు, సంతకం పెట్టేసింది, ఆ తర్వాత గానీ వీసా సంగతి గుర్తు రాలేదు. క్రమశిక్షణ కేసు చూసే లాయర్‌కి ఇమిగ్రేషన్ తెలియకపోవచ్చు. ఇద్దరినీ అడగండి, సంతకానికి ముందే.

నైట్‌డ్యూటీ_లత:

అసలు లాయర్‌కి డబ్బులు ఎక్కడివి? ఫీజులు కట్టడానికే లోన్లు. ఇదంతా ఉన్నవాళ్లకి చెప్పే సలహా అనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి.

నల్లకోటు:

తప్పేమీ కాదు, అడగాల్సిన ప్రశ్నే. భారతదేశంలో అయితే 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 చదవండి. అందులో మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఎస్సీ, ఎస్టీ వాళ్లకీ, వికలాంగులకీ అలాగే. నర్సింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే, అయినా ఈ సంగతి తెలిసినవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే అక్కడా లీగల్ సర్వీసెస్ కమిటీ ఉంటుంది. హెల్ప్‌లైన్ 15100. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం కింద మీ ఫైలు కాపీలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ మూల్యాంకనం చేసిన జవాబు పత్రాలు చూసుకునే హక్కు ఉందని 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో చెప్పింది కూడా.

బ్రిటన్‌లో స్టూడెంట్స్ యూనియన్ సలహాదారులు ఉచితం, వాళ్లకి విచారణ నియమాలు కంఠతా వచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లో యూనివర్సిటీ లోపలి దారులన్నీ అయిపోయాక విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ, ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కి వెళ్లొచ్చు, అదీ ఉచితమే. యూనివర్సిటీ ఇచ్చే చివరి లెటర్ తేదీ నుంచి 12 నెలల్లో వెళ్లాలి. అమెరికాలో చాలా క్యాంపస్‌ల్లో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంటుంది, కానీ సొంత యూనివర్సిటీ మీద కేసులు వాళ్లు సాధారణంగా తీసుకోరు. ఏ పక్షమూ వహించకుండా ఫిర్యాదులు వినే అంబడ్స్ ఆఫీసు ఉంటే అక్కడికి వెళ్లండి. 1974 నాటి ఫెర్పా చట్టం కింద మీ విద్యా రికార్డులు చూడమని అడిగితే 45 రోజుల్లోగా చూపించాలి. విచారణ అంతకంటే ముందే ఉంటే, రికార్డు చూపించకుండా విచారణ ఎలా జరుపుతారని రాతలో అడగండి.

పూర్తి కేసు అప్పగించే స్తోమత లేకపోతే ఒక్క గంట సలహాకి మాత్రం వెళ్లండి, మీ మొదటి జవాబు చదివించుకోండి. ఖర్చు ఎక్కడ పెట్టాలంటే నేను అక్కడే అంటాను. ఆఖర్లో కోర్టుకి వెళ్లినా జడ్జిగారు చదివేది ఆ జవాబే.

తెల్లటోపీ:

సార్, కోర్టులు అసలు ఇలాంటివి పట్టించుకుంటాయా? కాలేజీ లోపలి వ్యవహారం అంటారు కదా.

నల్లకోటు:

పట్టించుకుంటాయి, కానీ హద్దుల్లో. మన సుప్రీంకోర్టు 1962లో ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో తేల్చింది. పరీక్షలో అక్రమాలంటూ ఫలితాలు రద్దు చేసే ముందు విద్యార్థి చెప్పేది వినాల్సిందే అని. అమెరికాలో దానికి ఏడాది ముందు, 1961లో, డిక్సన్ కేసు. పౌరహక్కుల నిరసనలో పాల్గొన్న అలబామా విద్యార్థుల్ని నోటీసు లేకుండా, వినకుండా బహిష్కరిస్తే, ప్రభుత్వ కాలేజీ అలా చేయకూడదని ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది. 

అయితే నర్సింగ్ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది 1978 నాటి హోరోవిట్జ్ కేసు. మిస్సోరిలో ఒక మెడికల్ విద్యార్థిని క్లినికల్ పనితీరు బాలేదని తీసేశారు. ఇది చదువుకి సంబంధించిన అంచనా, క్రమశిక్షణ కాదు, కాబట్టి పూర్తి హియరింగ్ అక్కర్లేదు అంది అమెరికా సుప్రీంకోర్టు. ఇప్పుడు మీ సంగతి ఆలోచించండి. ‘కల్పిత ఎంట్రీ’ అంటే ప్రవర్తన, మీకు వాదించే హక్కు ఎక్కువ. అదే సంఘటనని ‘క్లినికల్‌లో ఫెయిల్’ అని రాస్తే వాళ్లకి పని తేలిక. నోటీసులో ఏ పేరు పెట్టారు, మధ్యలో పేరు మార్చారా అన్నది జాగ్రత్తగా చూడండి. ప్రైవేటు యూనివర్సిటీలైతే రాజ్యాంగ హక్కుల వాదన చాలాసార్లు నిలవదు, అక్కడ హ్యాండ్‌బుక్కే ఒప్పందం. వాళ్లు రాసుకున్న నియమం వాళ్లే తప్పారా అని వెతకాలి.

శ్రావ్య_ఐసీయూ:

ఫేస్‌బుక్ ఫొటో కేసు కూడా చెప్పండి సార్, మా జూనియర్లకి నేను ఎప్పుడూ చెబుతుంటాను.

నల్లకోటు:

2010లో అమెరికా కాన్సాస్‌లో ఒక నర్సింగ్ విద్యార్థిని ల్యాబ్‌లో మావితో దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టింది. కాలేజీ తీసేసింది. 2011 జనవరిలో ఫెడరల్ జడ్జి తిరిగి చేర్చుకోమన్నారు, ఆమెకు సరైన విచారణ దక్కలేదని. ఇది విని అందరూ ధైర్యపడతారు, కానీ 2016లో మిన్నెసోటా నుంచి వచ్చిన ఇంకో కేసులో ఫేస్‌బుక్ పోస్టులకి తీసేసిన నర్సింగ్ విద్యార్థి అప్పీల్ కోర్టులో ఓడిపోయాడు. వృత్తి ప్రమాణాలు కాలేజీ అమలు చేయొచ్చు అన్నారు. కాబట్టి సోషల్ మీడియాలో మీ పక్షం వాదించుకోవద్దు. క్లాస్ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు.

ఎంఎస్సీ_రెండో_ఏడాది:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది వేరే సమస్య, కానీ నోటీసు ఇలాంటిదే. కేర్ ప్లాన్ అసైన్‌మెంట్ నేనే రాశాను. ఏఐ డిటెక్టర్‌లో 70 శాతానికి పైగా వచ్చిందని పిలిచారు. నా ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం లాగే ఉంటుంది, చిన్నప్పటినుంచీ అలాగే నేర్చుకున్నాను.

రెండోఛాన్స్:

మా హాస్టల్లో ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. తను ఫైలు వెర్షన్ హిస్టరీ చూపించింది, మూడు రాత్రులు ఏ పేరా ఎప్పుడు రాసిందో నిమిషాలతో సహా ఉంది. ఇప్పుడే నీ ఫైలు తెరిచి హిస్టరీ ఉందో లేదో చూడు. కాపీ చేసి కొత్త ఫైలులో పెట్టకు, హిస్టరీ పోతుంది.

నల్లకోటు:

దానికి తోడు ఇవి జవాబులో పెట్టండి. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తన సొంత డిటెక్టర్‌ని కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాల్ని యంత్రం రాసిందని అన్నాయి. మనుషులు రాసినవి అవి. డిటెక్టర్ అంకె ఒక్కటే ఆధారం అయితే, ‘ఇంకేముంది’ అని అడిగే హక్కు మీకుంది. మీ ఎదుట కూర్చోబెట్టి అదే విషయం మీద మౌఖికంగా అడగమని మీరే కోరండి. మీరే రాశారు కాబట్టి చెప్పగలరు.

వేరే దారం తెరవండి, అక్కడ వివరంగా రాస్తాను.

ఒక_అమ్మ:

నేను నర్సుని కాదు, లాయర్‌నీ కాదు. మా అమ్మాయికి ఇలాంటి నోటీసు వస్తే మూడు వారాలు మాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే ‘బాగున్నాను, డ్యూటీలో ఉన్నాను’ అనేది. డ్యూటీకి వెళ్లడమే లేదని మాకేం తెలుసు. చివరికి హాస్టల్ గదిలో లైటు కూడా వేసుకోకుండా కూర్చుందని దాని స్నేహితురాలు చెప్తే పరిగెత్తుకెళ్లాం. కలువా, తల్లీ, ఈ రాత్రికే ఇంట్లో చెప్పు. తిడితే తిట్టనీ. తిట్టే అమ్మ ఆ తర్వాత పక్కన కూర్చుంటుంది. చదువు ఏదో ఒకలా చూసుకోవచ్చు, నువ్వు ఉండాలి ముందు. మనసు మరీ బాగోకపోతే కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లు, దానికి సిగ్గుపడకు.

కలువ_03:

అమ్మా, చెప్పాను. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘మెయిల్ నాకు పంపు, నేను చదువుతాను’ అన్నారు. ఆయనకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, అయినా రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక్కో పదం అర్థం రాసుకున్నారట.

నల్లకోటు గారు చెప్పినట్టే తొమ్మిది లైన్ల మెయిల్ పెట్టాను. ఉచిత న్యాయ సహాయం నుంచి ఒక లాయర్ మేడం దొరికారు. మానిటర్ విషయం అడిగితే ‘ఏ మానిటర్?’ అన్నారు ఆస్పత్రివాళ్లు, వార్డులో మూడు ఉన్నాయి. నాది ముందు చక్రం పట్టేస్తుంది, తోస్తుంటే ఎడమకి లాగుతుంది. దాని మీద సగం చిరిగిన స్టిక్కర్, చివరి అంకె 7. అదే రాశాను.

కలువ_03 (పన్నెండు రోజుల తర్వాత):

గడువు పది రోజులు పెంచారు. ఆ 7 నంబర్ మానిటర్ మెమరీ తీశారు. ఎనిమిది సెట్లలో ఏడింటి బీపీ, పల్స్, సాచురేషన్ అందులో ఉన్నాయి, 10.04 నుంచి 10.21 వరకు, 12.07 నుంచి 12.25 వరకు. ఎనిమిదోది లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఒక పెద్దాయన చెయ్యి సన్నగా ఉండి కఫ్ సరిగ్గా పట్టలేదు, చేత్తో తీశాను. అదే జవాబులో రాశాం. ఆ ప్రింటు చూసినప్పుడు మా మేడం ముందే ఏడ్చేశాను. నేను తీసినవి తీశానని ఒక యంత్రం చెప్పింది.

రెస్పిరేషన్ల గురించి మేడంతో ఒక రోజంతా కూర్చున్నాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాశాం. నాలుగు నిమిషం పాటు, మూడు అర నిమిషం లెక్కపెట్టి రెండుతో హెచ్చవేశాను, ఒకటి లెక్కపెట్టలేదు. హియరింగ్ వచ్చే వారం. మేడం పక్కన కూర్చోవచ్చు, మాట్లాడకూడదు అన్నారు.

బోధన_22:

మాట్లాడకూడదన్నా కాగితం మీద రాసి నీకు అందించొచ్చా, మధ్యలో ఐదు నిమిషాలు విరామం అడగొచ్చా, ముందే మెయిల్‌లో అడుగు. చాలా కమిటీలు ఒప్పుకుంటాయి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను. తెలియనిదానికి ఊహించి చెప్పకు, నీ కేసంతా ఊహించి రాసిన ఒక్క అంకె గురించే కదా. ఫిర్యాదు చేసినవాళ్లే కమిటీలో ఉన్నారేమో కూడా చూడు. ఉంటే ముందే రాతలో అభ్యంతరం చెప్పాలి, ఫలితం వచ్చాక చెబితే ఎవరూ వినరు.

కలువ_03 (ఐదు వారాల తర్వాత):

నిర్ణయం వచ్చింది. కల్పిత ఎంట్రీలు అన్న ఆరోపణ కొట్టేశారు. రెండు విషయాలు రుజువైనట్టు రాశారు. ఆలస్యపు ఎంట్రీ అని గుర్తు పెట్టకుండా టైం మార్చడం ఒకటి, లెక్కపెట్టని ఆ రెస్పిరేషన్ రెండోది. రాతపూర్వక హెచ్చరిక, రెండు వారాల క్లినికల్ మళ్లీ చేయాలి. అప్పీల్‌కి వెళ్లవచ్చని ఉంది, వెళ్లడం లేదు. ఆ రెండూ నేను చేసినవే.

హియరింగ్‌లో ఒక సార్ ‘లెక్కపెట్టలేదని ఎందుకు చెప్పావు, మాకు తెలిసేది కాదు కదా’ అని అడిగారు. నా దగ్గర తయారు చేసుకున్న జవాబు లేదు. ఆ పేషెంట్ వాళ్లమ్మాయి ఆ రోజు పదకొండింటికి నాకు ‘థాంక్స్ సిస్టర్’ అని చెప్పిందని చెప్పాను. ఆ పేషెంట్ ఐసీయూ నుంచి వార్డుకి తిరిగొచ్చారని తర్వాత తెలిసింది.

నల్లకోటు:

చాలా సంతోషం. నిర్ణయం కాపీ, మానిటర్ ప్రింటు, మెయిళ్లు అన్నీ ఒకచోట భద్రంగా పెట్టండి. రేపు లైసెన్సు దరఖాస్తులో క్రమశిక్షణ చర్యల గురించి అడిగితే దాచకండి, ఈ కాపీ జతచేసి రెండు లైన్లు రాయండి. హెచ్చరిక కంటే దాన్ని దాచడం వల్ల ఇబ్బంది పడ్డవాళ్లని ఎక్కువ చూశాను.

పాత_బ్యాచ్:

కలువా, నేను మొదట చెప్పిన సలహా తప్పు. అది విని ఉంటే ఏమయ్యేదో అనిపిస్తోంది. చాలా సంతోషంగా ఉందమ్మా.

తొలకరి_జీఎన్ఎం:

అక్కా, ఈ దారం మొత్తం చదివాను. నాకు ఈ రోజు పొద్దున నోటీసు వచ్చింది. షుగర్ రీడింగులు చూడకుండా రాశానంటున్నారు, నేను చూశాను. చేతులు వణుకుతున్నాయి, ఇన్‌ఛార్జ్ సిస్టర్ రెండుసార్లు ఫోన్ చేశారు.

కలువ_03:

చెల్లీ, ఫోన్ ఎత్తినా ‘మెయిల్ పెట్టండి సిస్టర్’ అని పెట్టేయ్. షుగర్ చూసిన మీటర్‌లో కూడా రీడింగులు టైంతో ఉంటాయి. ఏ మీటరో గుర్తుందా? వెనక స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే పగులో గీతో ఏదో ఒక గుర్తు ఉంటుంది, ఆలోచించు. గుర్తొచ్చాక ఇక్కడ రాయకు, కాగితం మీద రాసుకో. నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టు, మా మేడం నంబర్ ఇస్తాను.